ప్రీమియర్ చేతి పనిని కూడా చెప్పండి

అమెరికన్ ర్యాపర్ నాస్ తొలి ఆల్బమ్ ‘ఇల్‌మాటిక్’ గురించి, అందులో కొన్ని పాటలకు సంగీతం కూర్చిన డీజే ప్రీమియర్ పంచుకున్న జ్ఞాపకాలతో మీరు రాసిన వ్యాసం ఆసక్తిగా చదివించింది. అయితే పొగడ్తలన్నీ నాస్ సాహిత్యానికే దక్కాయి. ప్రీమియర్ పనితనాన్ని రెండు వాక్యాలతో సరిపెట్టడం నాకు నచ్చలేదు.

ఆ ఆల్బమ్‌లోని ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ పాటలో వినిపించే ఆ బరువైన పియానో, జాజ్ సంగీతకారుడు జో ఛేంబర్స్ ‘మైండ్ రెయిన్’ లోనిది. ఛేంబర్స్ పాటలో ఓ మూలన ఉన్న చిన్న ముక్కను పట్టుకుని, దాని కింద డ్రమ్స్ పరిచి, నాస్ పెరిగిన న్యూయార్క్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్ రాత్రిని కళ్లకు కట్టాడు ప్రీమియర్. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని నాస్ అన్న మాటను కూడా పాటలో అలాగే ఉంచేశారు. ఆ మరుక్షణమే ఊపిరి సలపనివ్వని ప్రవాహం! విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

1994లో వచ్చిన ఈ ఆల్బమ్ మొత్తం 40 నిమిషాలే. ప్రీమియర్, పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్, క్యూ-టిప్ వంటి ఉద్దండులు ఒక కొత్త కుర్రాడి కోసం చేయి కలిపారు. హిప్‌హాప్‌లో ఒకే ఆల్బమ్‌కు పలువురు నిర్మాతలు (పాటలకు సంగీతం కూర్చేవారు) పనిచేసే పద్ధతి ఆ తర్వాతే బాగా స్థిరపడింది. 2021లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ఆల్బమ్‌ను భద్రపరచవలసిన రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఆ నిర్మాతల గురించి కూడా మీరు విడిగా ఒక వ్యాసం రాయాలి.