55 పౌండ్ల త్రస్ట్ గారికి బహిరంగ లేఖ

చేపలు పట్టే పడవను బ్యాటరీ మీద మెల్లగా లాగే ట్రోలింగ్ మోటార్ డబ్బా మీద వెలసిన మహారాజశ్రీ 55 పౌండ్ల త్రస్ట్ (అనగా తోపుడు బలం) గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న మధ్యాహ్నమంతా ఎదురుగాలిలో తెడ్డు వేసిన చేతులతో రాస్తున్నందున అక్షరాలు వంకరపోతే మన్నించాలి. తమరి పక్కనే, తమరంత లావు అక్షరాల్లో 'రోజంతా నడుస్తుంది' అని ఉంది. ఎంత పొడుగు రోజో మాత్రం రాయలేదు.

ముందు తమరి ఘనత. పడవను కదలకుండా కట్టేసి, మోటార్ ఎంత బలంగా లాగుతుందో కొలిస్తే తేలిన అంకె తమరు. పడవ కదలడం మొదలవగానే తమరు తగ్గడం మొదలెడతారు. 55 తీసేసి 80 బిగించినా పై స్పీడు పెద్దగా పెరగదు, ప్రొపెల్లర్ రెక్కల వంపు, అదే పిచ్, అక్కడే ఆపేస్తుంది. 80 కొనేది గాలికి పడవ మొన పక్కకు కొట్టుకుపోకుండా నిలబెట్టడానికి. ఈ ముక్క డబ్బా మీద వేయడానికి చోటు చాలలేదు కాబోలు. గాలిని చీల్చుకుపోతున్న పడవ బొమ్మకి మాత్రం చాలింది.

తమరు ఎంత ఉండాలన్నది కూడా కొనేవాడే లెక్కేసుకోవాలి. నిండు పడవ బరువు ప్రతి 100 కిలోలకూ 4.4 పౌండ్లు. నిండు పడవ అంటే ఖాళీ పడవ 450, వెనక ఇంజిన్ 100, ముగ్గురు మనుషులు 225, సీసం బ్యాటరీలు రెండు 60, పెట్రోలు 45, చేపల తొట్టిలో నీళ్లు 50, సామాను 70. మొత్తం 1000 కిలోలు, అంటే 44 పౌండ్లు. అదీ గాలి, ప్రవాహం లేని నీళ్లలో. అవి ఉంటే 55 కనీసం. పడవ గోడలు ఎత్తుగా ఉంటే ఇంకా పైకి పోవాలి, ఎందుకంటే గాలికి బరువుతో పనిలేదు, ఎదురొచ్చిన గోడతోనే పని. కేటలాగులో రాసిన ఖాళీ పడవ బరువు చూసి కొన్నవాళ్ల మోటార్లే ఎప్పుడూ ఫుల్‌లో తిరుగుతూ కనిపిస్తాయి.

ఇక రోజంతా సంగతి. 12 వోల్టుల మీద తమరు ఫుల్‌లో తాగే కరెంటు 50 యాంపియర్ల దాకా. బ్యాటరీ మీద 100 యాంపియర్ అవర్ అని ఉంది కదా, రెండు గంటలు వస్తుందనుకుంటాం. సీసం బ్యాటరీకి ఆ 100 వచ్చేది 5 యాంపియర్ల చొప్పున 20 గంటలు మెల్లగా తీస్తే. 50 చొప్పున గుంజితే అంత ఇవ్వదు. పైగా సగం కంటే కిందికి దించితే ప్లేట్ల ఆయుష్షు తరిగిపోతుంది. చివరికి ఫుల్ స్పీడు మీద బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగేది అరగంట పైచిలుకు. రోజంతా అంటే ఇదా? ఆ రోజంతా అన్నది గాలి లేని చెరువులో ఒకటో నంబరు స్పీడు మీద లెక్కగట్టిన రోజు. ఎవరయ్యా ఒకటో నంబరు మీద ఎదురుగాలిలో ఒడ్డుకొచ్చేది? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అంటారు, నువ్వు సగం ఏట్లోనే బోడి మల్లయ్యవయ్యావు. ఫుల్‌లో ఎన్ని యాంపియర్లు తాగుతావో డబ్బా మీద ఒక్క అంకె వేస్తే నీ సొమ్మేం పోయేది? ఆ అంకె ఉంటే బ్యాటరీలో వాడుకోగలిగినదాన్ని దానితో భాగించుకుని ఎవడి గంటలు వాడు తెలుసుకునేవాడు. కావాలనే వేయలేదు. 55 చూస్తే బలం గుర్తొస్తుంది, 50 యాంపియర్లు చూస్తే బ్యాటరీ ఖర్చు గుర్తొస్తుంది మరి!

మందు లేదని కాదు. అయిదు మెట్ల స్విచ్ మోటార్ కాకుండా, స్పీడు సన్నగా పెంచుకునే పీడబ్ల్యూఎం రకం తీసుకుంటే, స్పీడు అయిదోవంతు తగ్గించగానే కరెంటు సుమారు సగానికి పడిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 100 కి 100 దాదాపు ఇస్తుంది, బరువూ సీసంలో సగానికి తక్కువే. 24 వోల్టులకు మారితే అదే పనికి సగం యాంపియర్లు చాలు. ఇవన్నీ చెప్పేవి వేరే డబ్బాలు.

తీగ సంగతీ నీకు పట్టదు. బ్యాటరీ వెనక, మోటార్ ముందు, రానూపోనూ 12 మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 50 యాంపియర్ల దగ్గర దాదాపు 2 వోల్టులు దారిలోనే వేడిగా పోతాయి, 16 వేస్తే 0.7. కరెంటు హద్దు మీరితే తెంచేసే 60 యాంపియర్ల బ్రేకర్ బ్యాటరీ పక్కనే ఉండాలి, మోటార్ దగ్గర కాదు. మోటార్‌ను నీళ్లలోకి దించే కడ్డీ, అదే షాఫ్ట్, పొట్టిదైతే అల మీద మొన లేచినప్పుడల్లా ప్రొపెల్లర్ గాలి పీల్చి గోల చేస్తుంది. బిగించే చోటు నుంచి నీటిమట్టం దాకా కొలిచి కనీసం 50 సెంటీమీటర్లు కలపాలి, అలలుంటే మరో 15.

అయినా నీ మీద పూర్తిగా ద్వేషం పుట్టదు. పెట్రోలు ఇంజిన్ చెదరగొట్టే చేపల గుంపు పక్కకే చప్పుడు లేకుండా చేరుస్తావు. జీపీఎస్ ఉన్న రకమైతే లంగరు వేయకుండానే ఉన్నచోట నిలబడతావు. నిలబడినంతసేపూ తాగుతూనే ఉంటావనుకో, అది వేరే సంగతి.

ఇట్లు,
యాంపియర్ల కోసం డబ్బా ఆరువైపులా వెతికినవాడు

తా.క. ప్రొపెల్లర్ వెనక సందులో గాలం దారం చుట్టుకుంటే అది నీళ్లు రాకుండా ఆపే సీలును కోసేస్తుంది, నీళ్లు లోపలికెళ్లి మోటార్ లోపలంతా తుప్పుపడుతుంది. అందుకే నట్టు విప్పి, పిన్ను లాగి, ప్రొపెల్లర్ తీసి తరచూ చూడాలి. రాయి తగిలితే విరిగేదీ ఆ పిన్నే. దాని సైజు కూడా డబ్బా మీద లేదు, కాబట్టి అలాంటివి రెండు, ఒక నట్టు, ఒక స్పానరు పడవలో పడేసుకోవాలి.