దళవాయి కాదు చిన్నాయనా, నీరుగంటి!

మా చిన్నాయన ఫ్యామిలీ గ్రూపులో వంశవృక్షం పెట్టాడు. అన్నిటికంటే పైన కృష్ణదేవరాయల దళవాయి, అంటే సేనాపతి! కింద అందరూ దండాల బొమ్మలు. ఆధారమేంది చిన్నాయనా అంటే, ‘మన ఇంటిపేరే ఆధారం’ అన్నాడు. అనంతపురం జిల్లాలో ఎవర్ని కదిలించినా ఇదే కథ. అందరూ దళవాయిలే అయితే ఆ కాలంలో మడి దున్నిందెవరు?

పంతానికి కాగితాల వెంట పడ్డాను. మొదట అనంతపురం పేరుతో వెతికి ఆర్నెల్లు పోగొట్టుకున్నా. ఈ జిల్లా పుట్టిందే 1882లో, బళ్లారి నుంచి విడదీసి. అంతకుముందువి బళ్లారి కింద చూడాలి. మదనపల్లె వాళ్లు 1911కు ముందువి కడపలో, మార్కాపురం వాళ్లు 1970కి ముందువి కర్నూలులో వెతుక్కోవాలి. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే బస్సు ఛార్జీలన్నా మిగిలేవి. ఒక ఆఫీసులో రిజిస్టరు అడిగితే ‘భూమి తగాదానా?’ అన్నారు. కాదు సార్, పెద్దోళ్ల పేరు చూసుకోవాలంటే నన్ను ఎగాదిగా చూశారు.

ట్రంకుపెట్టెలోని దస్తావేజులో సర్వే నంబరు ఉంది. దాన్ని పట్టుకుని డైగ్లాట్‌లో (పాత, కొత్త సర్వే నంబర్లు పక్కపక్కన ఉండే భూమి రిజిస్టరు) పాత నంబరు, అక్కడి నుంచి 1860ల నాటి ఇనాం (మాన్యం భూముల) రిజిస్టరు. మాన్యం ఎంత, ఎందుకిచ్చారు, ఎవరి అనుభవంలో ఉంది, అన్నిటికీ గడులున్నాయి. మా జేజినాయనకు తాత గడిలో, ఇంగ్లీషు చేతిరాత మధ్యలో, ‘నీరుగంటి’. చెరువు తూమెత్తి, ఏ మడికెంత నీళ్లో వంతులేసి పారించే మనిషి. ఈ కరువు సీమలో నీళ్ల వంతు తేల్చడమంటే మాటలా? నాకైతే దళవాయి కంటే ఆయనే గొప్ప.

పాత గ్రామపటంలో ఆ చెరువు, తూము, కాలువలు గీసే ఉన్నాయి. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లు నాటారు.

కాగితమే సర్వస్వం అనుకోవద్దు. మా జేజి పేరు ఒక్కదాంట్లోనూ లేదు. కూలికి పోయినోళ్లవీ లేవు. శిస్తు కట్టినోళ్లే సర్కారుకు మనుషులు. జేజి వాళ్లు ధాత కరువుకు, అంటే 1876-78లో, ఊరిడిచి ఇటు వచ్చారని మా మేనత్త చెబితేనే తెలిసింది. ఎనభై దాటిన ఆమెను ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఇదంతా గ్రూపులో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. వారం తర్వాత కొత్త వంశవృక్షం వచ్చింది. దళవాయి అలాగే ఉన్నాడు. మా కొమ్మే లేదు.