నర్సుకి కావాల్సింది ధ్యానం క్లాసు కాదు, పక్కన ఇంకో నర్సు

కోవిడ్ వార్డుల్లో పనిచేసిన నర్సులు ఎంత అలసిపోయారో అందరూ మాట్లాడతారు. చివరికొచ్చేసరికి మాత్రం "మనసు దిటవు చేసుకోండి, ధ్యానం చేయండి" అంటారు. నేనూ నర్సునే. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

ఒక పూట నిద్రపోతే తీరే అలసట కాదిది. ఒంట్లో శక్తి అడుగంటుతుంది, పని మీద విరక్తి పుడుతుంది, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపిస్తుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ని ఇలాగే వివరించింది. దాన్ని జబ్బుగా లెక్కగట్టలేదు, పనిచేసే చోట తగ్గకుండా పేరుకుపోయిన ఒత్తిడి ఫలితం అంది. మరి మందు మాకెందుకు రాస్తున్నారు?

వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌ని బోర్లా తిప్పడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ట్యూబ్ ఊడకుండా తల దగ్గర ఒకరుండాలి, రెండు పక్కలా మనుషులుండాలి. అప్పుడే ఇంకో బెడ్ దగ్గర ఆక్సిజన్ పడిపోయి అలారం మోగుతుంది. ఎటు పరిగెత్తాలి? బాత్రూంకి వెళ్ళాలంటే పీపీఈ కిట్ మొత్తం విప్పాలని నీళ్ళు తాగడమే మానేసేవాళ్ళం. అదంతా ఓర్చుకున్నాం. ఏం చేయాలో తెలిసీ చేయలేకపోవడమే ఓర్చుకోలేకపోయాం. సమయానికి పక్కకి తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయని తెలుసు. పోయే ప్రాణం పక్కన కాసేపు కూర్చోవాలనీ తెలుసు. టైం ఏదీ? ఫోన్ పట్టుకుని ఇంట్లోవాళ్ళకి చివరి చూపు చూపించి, ఆ వెంటనే ఇంకో బెడ్ దగ్గరికి వెళ్ళాలి. కొన్నాళ్ళకి నాకు ఏడుపు రావడమే ఆగిపోయింది. అన్నిటికన్నా భయమేసింది అదే.

ఇదేమీ కోవిడ్‌తో ఊడిపడింది కాదు. 2002లోనే నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికా ఆసుపత్రుల్లో సర్జరీ పేషెంట్లని పరిశీలించింది. ఒక్కో నర్సు మీద ఒక్కో పేషెంట్ అదనంగా పడేకొద్దీ పేషెంట్లు నెలలోపు మరణించే అవకాశం 7 శాతం, నర్సుల్లో బర్నౌట్ అవకాశం 23 శాతం పెరుగుతున్నాయని తేల్చింది. నర్సుల సంవత్సరంగా ప్రకటించిన 2020లో ప్రపంచమంతటా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన నర్సుల కొరత 59 లక్షల మంది. ఆ ఖాళీలతోనే మహమ్మారిలోకి దిగాం. జనం చప్పట్లు కొట్టారు, సంతోషమే. డ్యూటీ చార్ట్‌లో మాత్రం ఒక్క పేరూ పెరగలేదు.

ఐసీయూలో ఒక నర్సుకి ఇద్దరికి మించి పేషెంట్లని ఇవ్వకూడదని కాలిఫోర్నియా చట్టం చెబుతోంది. ఇతర వార్డులకీ పరిమితులు పెట్టి 2004 నుంచి అమలు చేస్తోంది. అలాంటి చట్టం అన్నిచోట్లా రావాలి. వచ్చేదాకా కనీసం ప్రతి వార్డు తలుపు మీదా ఈ షిఫ్ట్‌లో ఎంతమంది పేషెంట్లకి ఎంతమంది నర్సులో రాసి పెట్టమనండి. మీవాళ్ళని అడ్మిట్ చేసేటప్పుడు ఏసీ రూం ఉందా అని అడిగే ముందు ఆ లెక్క అడగండి.