సవరణ: కారు లెక్కలో బోల్తా పడ్డాను

ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరుకు 85 పైసలే అవుతోందని మొన్న గొప్పగా రాశాను కదా, ఆ లెక్క తప్పు. యూనిట్ 5.10 రూపాయల చొప్పున వేశాను, కానీ అది మొదటి 200 యూనిట్ల రేటు, ఏసీకి తోడు కారు కూడా చేరాక మా మీటరు నెలకు 400 దాటింది, ఆ పైన యూనిట్ తొమ్మిదిన్నర. అంటే కిలోమీటరుకు రూపాయిన్నర పైనే. (మా ఆవిడ బిల్లు చూపించేదాకా నాకు తట్టలేదు.) అయినా 107 దాటిన పెట్రోలుతో పాత కారు మింగిన ఏడు రూపాయల కన్నా నయమే.

ఇంకోటి, రోడ్ ట్యాక్స్ మినహాయింపు మొదటి 5,000 కార్లకే అన్నాను. అది 2020 నాటి ఎలక్ట్రిక్ వాహనాల పాలసీ మాట. 2024 నవంబర్ 18 నుంచి తెలంగాణలో ఆ పరిమితి ఎత్తేశారు, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదు, జీవోలో గడువు మాత్రం 2026 డిసెంబర్ 31 దాకానే.