మీ మిషన్‌కు కాగితాలున్నాయా?

బండి ఆపగానే లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అడుగుతారు. ఒక్కటి లేకున్నా చలాన్. తప్పు లేదు, చట్టం అది. ఆ తర్వాత ముఖం మీద టార్చి కొట్టి, నోటికి గొట్టం ఆనించి ‘ఊదు.. ఇంకా గట్టిగా ఊదు’ అంటారే, ఆ బ్రెత్ అనలైజర్ మిషన్ కాగితాలు మాత్రం మనం అడక్కూడదు. అడిగినవాడికి దొరికే జవాబు ‘తాగొచ్చి మళ్లీ రూల్సా?’

తాగి నడిపేవాళ్లను వదిలేయమని ఎవరూ అనరు. వాళ్ల బండ్ల కింద నలిగిపోయిన కుటుంబాలను చూశాం, తనిఖీలు ఉండాల్సిందే. మా కోపం వేరే.

100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద నేరం. మొదటిసారికే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. హద్దు పెట్టింది రక్తానికి, రోడ్డు మీద కొలిచేది ఊపిరిని. ఊపిరిలో దొరికినదాన్ని ఓ లెక్క ప్రకారం హెచ్చవేసి రక్తంలో ఇంతుందని మిషన్ చెబుతుంది, కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు కాలిబ్రేట్ చేయకపోతే, అంటే కొలత సరిగ్గా ఉందో లేదో పరీక్షించి సరిచేయకపోతే, ఆ స్లిప్పు మీది అంకెకు విలువేంటి? ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించి వచ్చినవాడి నోట్లో మిగిలిన తడి కూడా అంకె పెంచేస్తుంది. పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తే నిజం తేలిపోతుంది. కానీ వెనక బండ్ల వరుస, పక్కన వీడియో తీసే ఫోన్లు, ఇక ఆ పావుగంట ఓపిక ఎవరికుంటుంది?

నోటి వాసన, తూలే నడక, తడబడే మాట ఉన్నంత మాత్రాన తాగినట్టు రుజువు కాదని సుప్రీంకోర్టు 1971లో బచుభాయి కేసులోనే తేల్చింది. అలాంటి కంటి అంచనా కంటే మిషన్ నయమే, ఒప్పుకుంటాం. అలాగని దాన్నీ కళ్లు మూసుకుని నమ్మాలా? అరెస్టు చేస్తే 2 గంటల్లో వైద్య పరీక్ష చేయించాలి, లేదంటే వదిలేయాలి అని సెక్షన్ 202 చెబుతోంది. ఆ సంగతి పట్టుబడ్డవాడికి ఎవరైనా చెబుతారా? చెప్పరు.

కాలిబ్రేషన్ తేదీని ఓ స్టిక్కర్ మీద రాసి మిషన్‌కు అంటించడానికి ఏ జీవో రావాలి? పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ఒక్కరోజు దాటినా చలాన్ రాసేవాళ్లు, ముందు తమ చేతిలో ఉన్నదాని గడువు చూసుకుని రోడ్డెక్కండి.