చీటీ పైకి వెళ్తుంది, జవాబు కిందికి రాదు

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల తీరంలోని మత్స్యకార గ్రామాల నుంచి మగవాళ్లు నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వేటకు వలస పోతారు. అలాంటి ఇంట్లో మూడున్నరేళ్ల బాబుకు ఇంకా మాట రాలేదనుకుందాం. వాళ్ల నాన్నకూ మాట ఆలస్యంగానే వచ్చిందంటూ నాయనమ్మ సరిపెట్టుకుంటుంది. మధ్యాహ్నం గుడ్డు పెట్టేటప్పుడు పేరు పెట్టి పిలిచినా వాడు తల తిప్పడం లేదనీ, పక్క పిల్లలు లేస్తేనే చూసి లేస్తున్నాడనీ మొదట గమనించేది అంగన్‌వాడీ టీచర్. అంటే ఇబ్బంది మాటలో కాక వినికిడిలో ఉండవచ్చు. ఇది ఏ పరికరమూ లేకుండా చేసిన విలువైన పరిశీలన.

ఆ తర్వాత దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. అక్కడి నుంచి జిల్లా కేంద్రంలో వినికిడి పరీక్ష, స్పీచ్ థెరపీ, వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం, కొంచెం పెద్దయ్యాక ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం. ఇన్ని ఉన్నా వీటిని కలిపే దారం మాత్రం పరీక్షకు వెళ్లమని రాసిచ్చిన, ఆ నాయనమ్మ చేతిలోని చీటీ ఒక్కటే. ఏ అధికారీ ఆమె వెంట నడవడు, వెళ్తే ఆ రోజు కూలి పోతుంది.

నా దృష్టిలో అసలు లోపం చీటీ వెళ్లడంలో కాదు, జవాబు తిరిగి రాకపోవడంలో ఉంది. పరీక్షలో ఏం తేలిందో, బాబును ఎటువైపు కూర్చోబెట్టాలో, ముఖం కనిపించేలా ఎలా మాట్లాడాలో టీచర్‌కు ఎవరూ చెప్పరు. రెండు మూడుసార్లు ఇలా జరిగితే గమనించినది రాయడం ఆమె మానేస్తుంది. ఆమెను తప్పు పట్టలేం. పరీక్ష చేసినవారు తేలిక తెలుగులో మూడు వాక్యాలు రాసి పంపితే చాలు, వైద్యం తరగతి గదిలోకి వస్తుంది.

ఇందుకు కొత్త కమిటీ అక్కర్లేదు. నెలనెలా జరిగే గ్రామ ఆరోగ్య పోషకాహార దినాన ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచర్ ఒకేచోట ఉంటారు. టీకాల పని ముగిశాక అరగంట కూర్చుని ఒక్కో పిల్లవాడి సంగతీ పేరుపేరునా మాట్లాడుకోవాలి. ప్రతి బిడ్డకూ ఒకరు బాధ్యులుగా ఉండాలి, వాళ్లకు బదిలీ అయితే కాగితం తర్వాతి వ్యక్తి చేతికి అందాలి. మాట్లాడే వరుస కూడా ముఖ్యమే. బిడ్డను రోజూ చూసే మనిషి చెప్పింది వైద్యుడు ముందుగా వినాలి, “ఏమ్మా” అని కాక “టీచర్ గారూ” అని పిలవాలి. అలా పిలిచిన చోట ఆమె తన సందేహాన్ని కూడా బయటపెడుతుంది.

కలిసి పనిచేయడమంటే అన్నీ అందరికీ చెప్పడం కాదు. ఉదాహరణకు, బిడ్డపై లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం వచ్చినా పోలీసులకు తెలియజేయడం పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. బిడ్డ గుర్తింపు బయటపెట్టడం మాత్రం నేరం. అందరూ బంధువులే అయిన ఊళ్లో వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక్క ఫొటో ఆ కుటుంబాన్ని ఊరు విడిచేలా చేయగలదు. ఎవరికి ఎంత అవసరమో అంతే చెప్పాలన్న కట్టుబాటు ముందే కుదిరితేనే టీచరూ పోలీసూ వైద్యుడూ ఒకరినొకరు నమ్ముతారు.

వెరావల్ నుంచి తండ్రి ఫోన్ చేసి బాబు సంగతి ఏమైందని అడిగితే, నాయనమ్మ ఇప్పుడు చెప్పగలిగేది మళ్లీ రమ్మన్న తేదీ మాత్రమే.