ఆ ‘అట’ను ఎవరు మింగేశారు?

హంపీలో గైడు చెప్పే కథ మనలో చాలామంది విన్నదే. ఒక్క యుద్ధం, ఒక్క రోజు, విజయనగరం ఖతం. రాక్షసి తంగడి అనండి, తళ్లికోట అనండి, మిగతా కథ మీకు తెలుసు. ఇలా స్థిరపడిపోయిన కథలను పట్టుకుని ‘ఇది నిజమేనా?’ అని అడగడమే చరిత్ర పాడ్‌కాస్టుల పని. దాంతో కొందరికి ఒళ్లు మండుతోంది. నాకైతే పండగే.

ఖతమైపోయిందనుకున్న ఆ రాజ్యం సంగతే చూడండి. 1565 జనవరి 23న, ఆ యుద్ధంలోనే, విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండ చేరాడు. ఆరవీటి వంశం ఆ తర్వాత చంద్రగిరి నుంచి, వేలూరు నుంచి పాలించింది. 1639లో మద్రాసు నేలను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చిన దామెర్ల నాయకుడు ఆ రాయల సామంతుడే. అంటే యుద్ధం అయిన 74 ఏళ్లకు!

ఇక అది హిందూ ముస్లింల మతయుద్ధమన్న ముద్ర. ఆ రోజు రామరాయల మీదికి వచ్చిన దక్కను సుల్తానుల్లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా ఒకడు. అన్న జంషీద్‌కు భయపడి వచ్చి, ఏడేళ్లు ఆ రామరాయల నీడనే తలదాచుకున్నవాడు. మన కవుల మల్కిభరాముడు ఇతనే. అద్దంకి గంగాధర కవి కావ్యాన్ని అంకితమిచ్చింది ఇతనికే. రామరాయలు ఇరవై ఏళ్లకు పైగా ఒక సుల్తాను మీదికి ఇంకొకణ్ని ఎగదోస్తూ బతికాడు. చివరికి ఆ సుల్తానులే ఒక్కటై ఆయన మీదికే వచ్చారు.

వెనిస్ వర్తకుడు చెజారె ఫెదెరీచి 1567లో విజయనగరం వచ్చి ఏడు నెలలున్నాడు. రామరాయల సైన్యంలోని ఇద్దరు ముస్లిం సేనానులు ఎదురు తిరగడం వల్లే ఓటమి అని రాశాడు. ద్రోహం అనే మాట అందరికీ గుర్తుంది. వాళ్లు అసలు రామరాయల కొలువులో సేనానులుగా ఎందుకున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాదు. ఊరు పూర్తిగా నాశనం కాలేదు, ఇళ్లు నిలబడే ఉన్నాయి, వాటిలో పులులు, అడవి జంతువులు తిరుగుతున్నాయట అని కూడా రాశాడు. ఆ ‘అట’ చూశారా? ఏడు నెలలు ఆ ఊళ్లోనే ఉన్న మనిషి కూడా తన కంటితో చూడనిదాన్ని చూశానని రాయలేదు.

నా దృష్టిలో అపోహలు పుట్టేది ఇక్కడే. ఎవరో ‘అట’ అని చెప్తారు, తర్వాతివాడు దాన్ని మింగేసి ‘అంతే’ అంటాడు. మంచి పాడ్‌కాస్టు ఆ ‘అట’ను తిరిగి తెచ్చి పెడుతుంది. ఇది ఎవరు రాశారు, ఎన్నేళ్ల తర్వాత రాశారు, ఎవరి ఉప్పు తింటూ రాశారు అని అడుగుతుంది. ‘మీకు చెప్పని రహస్యం’ అని థంబ్‌నెయిల్ పెట్టి పాత అపోహ స్థానంలో కొత్తది అమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్ల జోలికి నేను పోను.

ఇదంతా విధ్వంసాన్ని కప్పిపుచ్చడమే అంటారు కొందరు. హంపీలో చేతులు విరిగిన నరసింహుడు అందరి కళ్లెదుటే ఉన్నాడు, ఆయన్ని ఎవరూ దాచలేరు. ఊరు కొల్లగొట్టారన్నది నిజం. రాజ్యం ఆ రోజే పోయిందన్నది అబద్ధం. రెండూ ఒకే నోటితో చెప్పొచ్చు.

నా అసలు కోపం గైడు మీద కాదు, బిట్టు మీద. చరిత్రను బిట్‌ బ్యాంకుగా పిండి పిల్లల చేత తాగిస్తున్నాం. నాలుగు ఆప్షన్లలో ‘అట’కు చోటెక్కడ? మా అక్క కొడుకు గ్రూప్‌ 2కి చదువుతున్నాడు. మొన్న వాడి మాక్‌ టెస్ట్‌ పేపర్లో తళ్లికోట ఫలితం అడిగారు. ఆప్షన్‌ బి: విజయనగర సామ్రాజ్య పతనం. పక్కన కూర్చుని పెనుకొండ, చంద్రగిరి, మద్రాసు అన్నీ చెప్పాను. వాడు ఓపిగ్గా విన్నాడు.

“నువ్వు చెప్పింది నిజమే మామయ్యా, కానీ నెగెటివ్‌ మార్కు ఎవడు భరిస్తాడు?” అంటూ ‘బి’ బబుల్‌ దిద్దేశాడు.